భారీ వాహనాల ఇంజన్లలో ఘర్షణ నష్టాలు: తీసివేతలో మిగిలే అంకె

డీజిలు మండినప్పుడు పిస్టన్ మీద జరిగే పనికీ, క్రాంకు షాఫ్టు చివర ఫ్లైవీలు దగ్గర మనకు దక్కే పనికీ మధ్య ఉండే తేడాను ఇంజను ఘర్షణ నష్టం అంటారు. పిస్టన్ రింగులు లైనరు గోడను రాసుకుంటూ పైకీ కిందికీ తిరుగుతాయి. మెయిన్ బేరింగుల్లో, కనెక్టింగ్ రాడ్ బేరింగుల్లో పలచని ఆయిల్ పొర నలుగుతుంది. క్యామ్ షాఫ్టు వాల్వు స్ప్రింగులను అణచాలి. ఆయిల్ పంపు, వాటర్ పంపు, ఫ్యూయల్ పంపు తిరగాలి. వీటన్నిటికీ అయ్యే ఖర్చు కలిస్తే ఆ తేడా. గాలిని లోపలికి పీల్చి పొగను బయటికి నెట్టే పనిని కొందరు ఇందులో కలుపుతారు, కొందరు విడిగా చూపుతారు. రెండు ప్రయోగశాలలు ఒకే ఇంజనుకు వేర్వేరు అంకెలు చెప్పడానికి మొదటి కారణం ఇదే. మిగతా కారణాలు ఇంకా లోతైనవి. ఘర్షణ నష్టాన్ని నేరుగా చూపించే మీటరు ఏదీ లేదు. అది ఎప్పుడూ ఒక తీసివేతలోనో, ఒక గీతను పొడిగించడంలోనో తేలే అంకె. అందువల్ల ఏ పద్ధతిలో, ఏ లోడు మీద, ఎంత వేడి ఆయిల్‌తో కొలిచారో చెప్పని ఘర్షణ అంకెకు విలువ లేదని, ఒకచోట తేలిన అంకెను మరోచోటికి మోసుకుపోవడం కుదరదని ఈ వ్యాసం వాదన.

ఈ వాదనను పరీక్షించడానికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం అనువైనది. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, అంటే పాత ఏడో నంబరు రోడ్డు, పెనుకొండ పక్కగా సాగుతుంది. పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టాక విడిభాగాలు తెచ్చే లారీలు, తయారైన కార్లను మోసే పొడవాటి ట్రెయిలర్లు ఆ దారిలో పెరిగాయి. హిందూపురం మార్కెట్టుకు చింతపండు, ఎండుమిర్చి, బెల్లం లారీల మీదే వస్తాయి, లారీల మీదే పోతాయి. ఆర్టీసీ డిపోల్లో కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్క, డ్రైవరు పేరు పేరునా రాస్తారు. సరుకు, ఎండ, ఎత్తుపల్లాలు, లెక్క రాసే అలవాటు నాలుగూ ఉన్న చోటు ఇది. లేనిదల్లా ఆ లెక్కలోంచి ఇంజను ఘర్షణను విడదీసి చూసే పద్ధతి.

ఘర్షణ ఎంత పెద్ద ఖర్చు? ఫిన్లాండ్, అమెరికా పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం లారీలు, బస్సులు తాగే ఇంధన శక్తిలో సుమారు 33 శాతం రకరకాల ఘర్షణలకే పోతుంది. బ్రేకులను పక్కన పెడితే 26 శాతం. ఇందులో టైర్లు, గేరుబాక్సు, ఇంజను అన్నీ ఉన్నాయి. ఇంజను వాటా అందులో ఒక భాగమే. దీన్ని పట్టుకుని కొందరు ఒక అభ్యంతరం చెబుతారు: సైలెన్సరు గుండా, రేడియేటరు గుండా పోయే వేడి ముందు ఇంజను ఘర్షణ ఎంత? ఫుల్ లోడు మీద చూస్తే ఈ మాట నిజమే అనిపిస్తుంది. మంచి డీజిలు ఇంజను ఫుల్ లోడులో సిలిండరులో పుట్టిన పనిలో పదో వంతు చుట్టూ మాత్రమే ఘర్షణకు పోగొట్టుకుంటుంది. కానీ లారీ రోజంతా ఫుల్ లోడు మీద నడవదు. లోడు పావు వంతుకు దిగితే ఘర్షణ పావు వంతుకు దిగదు, కొద్దిగా మాత్రమే తగ్గుతుంది. అప్పుడు అదే ఇంజను తన పనిలో దాదాపు మూడో వంతు తనలోనే కరిగించుకోవచ్చు. ఇక చెక్‌పోస్టు దగ్గర ఐడిలింగులో ఆగి ఉన్న లారీలో పిస్టన్ చేసే పనంతా ఘర్షణకూ, డైనమోలాంటి సరంజామాకూ సరిపోతుంది. ఖాళీగా తిరిగొచ్చే లారీ, స్టాపు స్టాపుకూ ఆగే పల్లెవెలుగు బస్సు ఎక్కువ కాలం గడిపేది ఈ తక్కువ లోడు దశలోనే. వేడి నష్టంలో చాలా భాగం థర్మోడైనమిక్స్ విధించినది, దాన్ని పూర్తిగా తప్పించుకోలేం. ఘర్షణ అలా కాదు, మనిషి చేతిలో ఉన్నది. అందుకే దాని పరిమాణం చిన్నదైనా పట్టించుకోదగ్గది.

కొలిచే పద్ధతుల్లో పాతవన్నీ మన ఇంజనీరింగ్ కళాశాలల థర్మల్ ల్యాబుల్లో ఇప్పటికీ సజీవంగా ఉన్నాయి. గిండీలో 1946లో పుట్టి 1948లో అనంతపురానికి తరలివచ్చిన ఇంజనీరింగ్ కళాశాల మొదలు, మెకానికల్ బ్రాంచి ఉన్న ఏ కళాశాల విద్యార్థికైనా విలన్స్ గీత, మోర్స్ టెస్టు పరిచితమే. విలన్స్ గీత పంతొమ్మిదో శతాబ్దపు ఆవిరి యంత్రాల ఇంజనీరు పీటర్ విలన్స్ పేరుతో వచ్చింది. ఆర్పీఎం మార్చకుండా లోడు మాత్రం మారుస్తూ గంటకు ఎంత ఇంధనం కాలిందో గ్రాఫు గీసి, ఆ గీతను ఇంధనం సున్నా అయ్యేదాకా వెనక్కి పొడిగిస్తే అది తాకిన చోటు ఘర్షణ నష్టాన్ని చెబుతుంది. డీజిలు ఇంజనులో గాలిని అడ్డుకునే థ్రాటిల్ లేదు కాబట్టి తక్కువ లోడుల్లో గీత చాలావరకు తిన్నగానే వస్తుంది. టర్బో ఉన్న ఇంజనులో లోడుతోపాటు గాలి పీడనమూ మారుతుంది, గీత వంగుతుంది. వంగిన గీతను ఎటు పొడిగించాలో విద్యార్థి స్కేలు నిర్ణయిస్తుంది.

మోర్స్ టెస్టులో ఒక్కో సిలిండరుకూ వరసగా ఇంధనం ఆపి, వేగాన్ని తిరిగి మునుపటి స్థాయికి తెచ్చి, పవర్ ఎంత పడిపోయిందో డైనమోమీటరుతో చూస్తారు. ఆపిన సిలిండరు మండకపోయినా దాని ఘర్షణ మారదన్నది ఇక్కడి ఊహ. పాత పంపు ఉన్న లారీల కాలంలో మెకానిక్కు ఏ సిలిండరు మిస్సింగ్ కొడుతోందో తెలుసుకోవడానికి నాజిల్ పైపుల నట్లను స్పానరుతో ఒక్కొక్కటీ వదులుచేసి ఇంజను శబ్దం వినేవాడు. నట్టు వదులు చేసినా శబ్దం మారకపోతే ఆ సిలిండరు పని చేయడం లేదన్నమాట. అది డైనమోమీటరు లేని మోర్స్ టెస్టే. డైనమోమీటరు బదులు చెవి ఉంది, అంతే తేడా. ఇప్పటి కామన్ రైలు ఇంజన్లలో ఆ పైపుల్లో పీడనం వెయ్యి బార్లు దాటుతుంది కాబట్టి నట్టు ముట్టుకోకూడదు. ఆ పని కంప్యూటరు చేస్తుంది.

మూడోది మోటరింగ్. ఇంజనును వేడెక్కించి, ఇంధనం ఆపి, కరెంటు మోటారుతో తిప్పుతూ ఎంత పవర్ పట్టిందో చూడటం. సులువైన పద్ధతి, పారిశ్రామిక ల్యాబుల్లో బాగా వాడుకలో ఉన్నది. దీనిలోని లోపాలు చిత్రంగా ఉంటాయి. మంట లేనప్పుడు రింగుల వెనక పీడనం తగ్గుతుంది, కాబట్టి ఘర్షణ అసలు కంటే తక్కువ కనిపించాలి. అదే సమయంలో లైనరు గోడ చల్లబడి ఆయిల్ చిక్కబడుతుంది, కాబట్టి ఎక్కువ కనిపించాలి. ఈ రెండు తప్పులూ ఎదురెదురుగా నిలిచి ఒకదాన్నొకటి కొంత మింగేస్తాయి. అంకె నమ్మదగినట్టే కనిపిస్తుంది. కొత్త రకం ఆయిల్ వేసి చూసినప్పుడు ఆ రెండు తప్పులూ ఒకే పాళ్లలో మారవు, దాంతో పోలిక చెడుతుంది. సిలిండరులోకి ముందే పీడనం ఎక్కించిన వాయువుతో మోటరింగ్ చేసే పద్ధతి ఈ లోటును పూడ్చడానికే వచ్చింది.

సూత్రప్రాయంగా అన్నిటికంటే నిజాయితీ గల పద్ధతి, మండుతున్న ఇంజనులోనే సిలిండరు పీడనాన్ని పియజో సెన్సరుతో కొలిచి, లోపల పుట్టిన ఇండికేటెడ్ పవర్ లెక్కగట్టి, అందులోంచి డైనమోమీటరు చూపిన బ్రేక్ పవర్‌ను తీసివేయడం. చిక్కంతా ఆ తీసివేతలోనే ఉంది. లోడు లారీని వేబ్రిడ్జి మీద తూచి, ఒక చింతపండు బస్తా దించి మళ్లీ తూచి, ఆ తేడాతో బస్తా ధర కట్టినట్టుంటుంది ఇది. పనిని సిలిండరు ఘనపరిమాణంతో భాగించి సగటు పీడనంగా చెబుతారు. అలా సగటు ఇండికేటెడ్ పీడనం 20 బార్, ఘర్షణ వాటా 1.8 బార్ అనుకుందాం. పీడనం కొలతలో ఒక్క శాతం తప్పు దొర్లితే అది 0.2 బార్. ఘర్షణ అంకెలో అదే 11 శాతం తప్పవుతుంది. పిస్టన్ సరిగ్గా పైకొసకు చేరే క్షణాన్ని గుర్తించడంలో క్రాంకు కోణం ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఇండికేటెడ్ పవర్ దాదాపు 5 శాతమో, అంతకు మించో తప్పుతుంది. అంటే ఘర్షణ సగానికి సగం మాయం కావచ్చు, లేదా సగం పెరిగినట్టు కనిపించవచ్చు. అందుకే ఈ పని చేసే ల్యాబులు క్రాంకు కోణాన్ని డిగ్రీలో పదో వంతు ఖచ్చితత్వంతో పట్టుకోవడానికి తంటాలు పడతాయి. ఇంజనును ఒక్కో భాగమే విప్పుకుంటూ కొలవడం, లైనరును తేలేట్టు అమర్చి దాని మీద పడే బలాన్నే నేరుగా కొలవడం అనే పద్ధతులూ ఉన్నాయి. అవి పరిశోధనకు పనికొస్తాయి గానీ రోడ్డు మీదికి రాబోయే ప్రతి ఇంజనుకూ చేయగలిగినవి కావు.

కొలత ఇంత కష్టమైతే ముందుగానే లెక్కగట్టవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. ఆ లెక్క కథ రైలు ఇరుసులతో మొదలైంది. 1880లలో ఇంగ్లండులో బోషాంప్ టవర్ బేరింగులో ఆయిల్ పొర ఎంతటి పీడనాన్ని మోస్తుందో ప్రయోగంలో చూశాడు. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి సమీకరణం రాశాడు. 1902లో జర్మనీలో రిచర్డ్ స్ట్రైబెక్ వేగం, బరువు, ఆయిల్ చిక్కదనం మారే కొద్దీ ఘర్షణ ఎలా మొదట పడిపోయి తర్వాత లేస్తుందో గ్రాఫులో చూపాడు. ఇంజనులో బేరింగులు ఆ గ్రాఫు కుడివైపున, నిండు ఆయిల్ పొర మీద తేలుతుంటాయి. పిస్టన్ రింగు మాత్రం ప్రతి స్ట్రోకులోనూ గ్రాఫు మొత్తం ప్రయాణం చేస్తుంది. మధ్యలో వేగంగా పోతూ ఆయిల్ మీద తేలుతుంది, పైనా కిందా ఆగి తిరిగే క్షణంలో లోహానికి లోహం తగులుతుంది. ఇంజను ఘర్షణలో ఇంచుమించు సగం పిస్టన్, రింగులు, లైనరు మధ్యే పుడుతుంది కాబట్టి కష్టమంతా ఇక్కడే ఉంది.

రోజువారీ ఇంజనీరింగ్‌కు మాత్రం 1965లో చెన్, ఫ్లిన్ అనే ఇద్దరు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. దాని ప్రకారం ఘర్షణ సగటు పీడనం బార్లలో 0.137కు, సిలిండరులోని గరిష్ఠ పీడనంలో 200వ వంతునూ, సెకనుకు మీటర్లలో పిస్టన్ సగటు వేగాన్ని 0.162తో హెచ్చించిన దాన్నీ కలిపితే వస్తుంది. మన లారీల్లో బాగా వాడుకలో ఉండిన కమ్మిన్స్ బి-సిరీస్ ఆరు సిలిండర్ల ఇంజనుకు ఇది వర్తింపజేద్దాం. బోరు 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు 120 మిల్లీమీటర్లు, మొత్తం 5.88 లీటర్లు. 1500 ఆర్పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 6 మీటర్లు. గరిష్ఠ పీడనం 140 బార్ అనుకుంటే ఘర్షణ 1.81 బార్, అంటే 13.3 కిలోవాట్లు, సుమారు 18 హార్స్ పవర్. అదే పీడనంతో 2500 ఆర్పీఎంకు పోతే 2.46 బార్, 30 కిలోవాట్లు, 41 హార్స్ పవర్. ఆర్పీఎం మూడింట రెండు వంతులు పెరిగితే ఘర్షణ మింగే పవర్ రెట్టింపు దాటింది. గేరు త్వరగా మార్చి ఇంజనును తక్కువ ఆర్పీఎంలో నడిపే డ్రైవరుకు మంచి కేఎంపీఎల్ రావడానికి ఒక ముఖ్య కారణం ఈ లెక్కలోనే ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ మూడు గుణకాలూ 1960ల నాటి ఒంటి సిలిండరు పరిశోధన ఇంజను మీద పుట్టినవి. ఆయిల్ ఉష్ణోగ్రతకు ఆ సూత్రంలో చోటే లేదు. ఇప్పటి ఇంజనుకు వాడాలంటే ఆ ఇంజను మీదే కొలిచి గుణకాలను తిరిగి సరిచేయాలి, లేకుంటే పైన చేసిన లెక్క దిశ చూపుతుందే తప్ప ఖచ్చితమైన అంకె ఇవ్వదు. కంప్యూటర్లు వచ్చాక ఈ బెడద తీరిందనే వాళ్లున్నారు. లైనరు గరుకుదనం ఆయిల్ ప్రవాహాన్ని ఎలా మారుస్తుందో పాతిర్, చెంగ్ 1970ల చివర చెప్పిన పద్ధతి, లోహపు శిఖరాలు ఒకదానికొకటి తగిలినప్పటి బరువుకు గ్రీన్‌వుడ్, ట్రిప్ కట్టిన లెక్క కలిపితే రింగు ఘర్షణను క్రాంకు కోణం కోణానికీ గణించవచ్చు. నిజమే, డిజైను దశలో దీనికి సాటి లేదు. రింగు ముఖం ఒంపు మారిస్తే ఏమవుతుందో వారం రోజుల్లో చూడవచ్చు. కానీ ఆ లెక్క లోపలికి వెళ్లే వివరాలు ఎవరివి? లైనరు గరుకుదనం కొత్తదానిది, ఆయిల్ చిక్కదనం డబ్బా మీదిది. రోడ్డు మీది ఇంజనులో ఆయిల్ కొన్ని వేల కిలోమీటర్లకే నలిగి పలచబడుతుంది, తర్వాత మసి కలిసి చిక్కబడుతుంది. బోరింగ్ షాపులో బోర్ కొట్టి హోనింగ్ చేసిన లైనరు గీతల కోణం, లోతు కంపెనీ లైనరుతో సమానంగా ఉండాలని లేదు. ఇంజను ఆయిల్ తింటోందనో, బ్యాక్ కంప్రెషన్ వస్తోందనో చెప్పే మెకానిక్కు చూస్తున్నది మోడలుకు తెలియని ఇంజనును. మోడలు కొలతకు ప్రత్యామ్నాయం కాదు. ఒక కొలత నుంచి దాని పక్కనున్న పరిస్థితికి వెళ్లే వంతెనగా అది పనికొస్తుంది.

కొలిచినది ఏమిటో జాగ్రత్తగా చదవాలనడానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాదు శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అతివేగ లేజరుతో పిస్టన్ రింగులు, లైనర్ల మీద 10 నుంచి 20 మైక్రాన్ల వెడల్పు, 5 నుంచి 10 మైక్రాన్ల లోతు ఉండే గుంటలు వరసగా చెక్కారు. గుంటల్లో ఆయిల్ నిలిచి, లోహం లోహానికి తగిలే చోట ఆదుకుంటుందన్నది ఆలోచన. వేర్వేరు వేగాల్లో, కూలెంటు, ఆయిల్ వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉండగా పరీక్షిస్తే లూబ్రికేటింగ్ ఆయిల్ వాడకం 16 శాతం తగ్గిందని వెల్లడించారు. విలువైన ఫలితం. అయితే అది ఆయిల్ వాడకంలో తగ్గుదల. డీజిలు వాడకంలో 16 శాతమని ఎవరైనా చదువుకుంటే తప్పు చదివినవారిది. ఒక కొలత పక్క కొలతగా వేషం మార్చుకోవడం ఈ రంగంలో తరచుగా జరుగుతుంది.

ఆయిల్ గ్రేడు విషయంలో ఈ వేషం మరీ ఖరీదైనది. మన లారీల్లో 15డబ్ల్యూ-40 ఎక్కువ. పడమటి దేశాల్లో 5డబ్ల్యూ-30 వంటి పలచని ఆయిల్ వైపు మొగ్గు పెరిగింది. అమెరికాలో 2016 చివర వచ్చిన ఏపీఐ ఎఫ్ఏ-4 తరగతి దీనికోసమే. ఇలాంటి ఆయిల్‌తో ఒకటి రెండు శాతం ఇంధనం ఆదా అవుతుందని చెబుతారు. ఆ ఆదాలో కొంత చలిదేశాల్లో పొద్దున్నే గడ్డకట్టే చలిలో స్టార్టు చేసే ఇంజను నుంచి వస్తుంది. 15డబ్ల్యూ-40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 100 డిగ్రీల దగ్గరికంటే దాదాపు ఏడు రెట్లు చిక్కన, సున్నా దగ్గర ఇంకా ఎన్నో రెట్లు. ధర్మవరంలో వేసవి మధ్యాహ్నం గాలే 40 డిగ్రీలు ఉంటుంది, శీతకాలపు రాత్రులూ సున్నాకు చాలా దూరం. ఇంజను వేడెక్కడానికి పట్టే కాలం తక్కువ, ఆ దశలో ఆదా చేయగలిగినదీ తక్కువ. ఇక వేడెక్కిన ఇంజనులో పలచని ఆయిల్ బేరింగుకు మేలు చేసినా, రింగు ఆగి తిరిగే చోట పొర తెగే ప్రమాదాన్ని పెంచుతుంది. పలచని ఆయిల్ చెడ్డదని దీని అర్థం కాదు. దానికోసం డిజైను చేసిన ఇంజనులో అది మంచిదే, కంపెనీ అనుమతించని పాత ఇంజనులో కాదు. చలిదేశంలో తేలిన శాతాన్ని ఎండకాచే సీమలో అచ్చుగుద్దినట్టు ఆశించడమే పొరపాటు.

ఇన్ని తిప్పలెందుకు, మైలేజీ చూస్తే తెలిసిపోదా అంటారు లారీ యజమానులు. ఇది బలమైన అభ్యంతరం, ఎందుకంటే చివరికి డబ్బు కట్టేది మైలేజీ మీదే. దీనికి జవాబు ఈ నేలలోనే ఉంది. ధర్మవరం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంటే హిందూపురం రమారమి 620 మీటర్ల ఎత్తున ఉంది. 25 టన్నుల లారీని ఆ 270 మీటర్లు పైకి ఎక్కించడానికే 66 మెగాజౌళ్ల పని కావాలి, అంటే 40 శాతం సామర్థ్యం గల ఇంజనుకు దాదాపు నాలుగున్నర లీటర్ల డీజిలు. ఆ దారిలో మొత్తం ఇరవై లీటర్లు పట్టిందనుకుంటే, పలచని ఆయిల్ ఇచ్చే రెండు శాతం ఆదా విలువ అర లీటరు డీజిలు కూడా కాదు. ఎత్తు ఒక్కటే దాన్ని పది రెట్లు మింగేస్తుంది. గాలి, టైరు పీడనం, డ్రైవరు కాలు ఇంకా లెక్కలోకి రాలేదు. రానూపోనూ కలిపి చూద్దామంటే పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. అమెరికాలో ఎస్ఏఈ జే1321 పేరుతో వాడే పద్ధతి దీనికి దారి చూపుతుంది: అదే దారిలో, అదే సమయంలో, అదే లోడుతో ఏ మార్పూ చేయని మరో లారీని తోడుగా నడిపి, రెండింటి నిష్పత్తి మారిందా లేదా చూడటం. మన ఆర్టీసీ డిపోలకు ఇది కొత్త ఖర్చేమీ కాదు. ఒకే మోడలు బస్సులు రెండు, ఒకే రూటు, డ్రైవర్లను మార్చి మార్చి వేయడం, ఆయిల్ ఉష్ణోగ్రత రాసుకోవడం చాలు. డిపోలో ఉన్న కేఎంపీఎల్ పుస్తకానికి ఒక గడి చేరుతుంది.

ప్రభుత్వ ప్రమాణాలు ఈ పనికి కొంతే తోడ్పడతాయి. 12 టన్నులు దాటిన వాహనాలకు 2017లో ప్రకటించిన ఇంధన వాడక ప్రమాణం గంటకు 40, 60 కిలోమీటర్ల వంటి స్థిర వేగంతో నడిపి చేసే పరీక్ష మీద ఆధారపడింది. స్థిర వేగంలో ఐడిలింగు లేదు, గేరు మార్పులు లేవు, ఘర్షణ వాటా పెరిగే తక్కువ లోడు క్షణాలు లేవు. 2018లో మూడు యాక్సిళ్ల లారీకి అనుమతించే మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. దాంతో నిండు ట్రిప్పులో ఇంజను ఘర్షణ వాటా కాస్త తగ్గినా ఖాళీ ట్రిప్పులో అలాగే ఉంది. కరెంటు బస్సులు వస్తున్నాయి కదా, ఈ గోల ఇంకెన్నాళ్లన్న మాట కూడా వినిపిస్తుంది. నగరాల్లో అది జరగవచ్చు. హైవే మీద సరుకు మోసే లారీలు మాత్రం ఇంకా చాలా ఏళ్లు డీజిలు మీదే నడుస్తాయి.

కాబట్టి మైలేజీ ఇన్ని శాతం పెరుగుతుందంటూ ఎవరైనా ఆయిల్ డబ్బానో, కొత్త రకం రింగుల సెట్టునో అమ్మజూపినప్పుడు లారీ యజమానులు, డిపో ఇంజనీర్లు వెంటనే అడగాలి: ఏ ఇంజను మీద కొలిచారు, ఎంత లోడులో, ఏ ఆర్పీఎం దగ్గర, ఆయిల్ ఎంత వేడిగా ఉండగా, ఏ పద్ధతిలో? ఈ వివరాలు కాగితం మీద రాకపోతే పాత ఆయిల్‌తోనే నడపండి.